డూమ్ మెటల్‌ను ఎలా వినాలి: క్యాండిల్‌మాస్‌తో మొదలుపెట్టేవారి కోసం

హెవీ మెటల్‌లో అతి నెమ్మదిగా, బరువుగా సాగే శాఖ డూమ్ మెటల్. ఆ పాటను తొలిసారి వినేవారిలో చాలామంది రెండో నిమిషం దాటకముందే ఫోన్ చేతిలోకి తీసుకుని, నెట్ నెమ్మదించి పాట ఆగి ఆగి వస్తోందేమోనని తెర వైపు చూస్తారు. నేనూ అలాగే చూశాను. కాలేజీ రోజుల్లో ఒక మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చిన పాటల్లో క్యాండిల్‌మాస్ అనే స్వీడన్ బ్యాండ్ పాట ఒకటి ఉండేది. మూడు నిమిషాలు విని, ఫైలు పాడైపోయిందని తేల్చుకుని, తీసిపారేశాను. ఫైలుకు ఏ రోగమూ లేదని, తేడా అంతా నా చెవిలోనే ఉందని తెలియడానికి ఏడాది పట్టింది. మీకు ఆ ఏడాది వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

డూమ్ మెటల్ మొత్తాన్ని ఇక్కడ చుట్టబెట్టబోవడం లేదు. ఒక్క బ్యాండును పట్టుకుని, దాని సంగీతం ఎలా పనిచేస్తుందో, దాన్ని ఏ వరుసలో, ఏ పరిస్థితుల్లో వినాలో, దాని అభిమానులు నాలుగు దశాబ్దాలుగా దాన్ని ఎందుకు పట్టుకుని ఉన్నారో చెప్పడమే నా ఉద్దేశం. ఆ ఒక్క బ్యాండు క్యాండిల్‌మాస్ కావడానికి తగిన కారణం ఉంది. బాస్ గిటారు వాయించే లేఫ్ ఎడ్లింగ్ 1984లో స్టాక్‌హోమ్‌లో ఈ బ్యాండును మొదలుపెట్టాడు. 1986లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు 'ఎపికస్ డూమికస్ మెటాలికస్' అని పేరు పెట్టారు. అది అసలైన లాటిన్ కాదు. ప్రతి మాట చివరా ఒక సున్నా చేర్చి సంస్కృతం మాట్లాడుతున్నామని మురిసిపోయే పిల్లల ఆట లాంటిదే. అయినా ఈ తరహా సంగీతానికి డూమ్ మెటల్ అన్న పేరు స్థిరపడడంలో ఆ ఆటమాటకు పెద్ద పాత్రే ఉంది.

ఈ నెమ్మది ఎక్కడినుంచి వచ్చింది

వినడం మొదలుపెట్టే ముందు ఈ సంగీతం మూలాన్ని కొంచెం తెలుసుకుంటే చెవి త్వరగా లొంగుతుంది. ఆ మూలం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, బ్లాక్ సబాత్ దగ్గర ఉంది. ఆ బ్యాండు గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల కర్మాగారంలో పనిచేస్తుండగా, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలను నొక్కిపట్టవలసినవి సరిగ్గా ఆ వేళ్లే. అతను ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971 నాటి మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి కొన్ని పాటల్లో తీగలను మామూలు శ్రుతి కన్నా మూడు అర్ధస్వరాలు కిందికి దించి వదులు చేశాడు. తీగ వదులైతే వేలికి నొప్పి తగ్గుతుంది, నాదం మాత్రం బరువెక్కుతుంది. అలా ఒక కార్మికుడి గాయం తెచ్చిన బరువు కొన్నేళ్లకే ఒక సంగీత రీతికి గుర్తుగా మారింది.

1970లో వచ్చిన బ్లాక్ సబాత్ తొలి ఆల్బమ్‌లోని మొదటి పాట మూడే స్వరాల మీద నడుస్తుంది. ఇంట్లో హార్మోనియమో కీబోర్డో ఉంటే దాన్ని ఇప్పుడే వాయించి చూడండి. ఏదో ఒక మెట్టును షడ్జంగా పెట్టుకుని, మొదట ఆ సా, తర్వాత పై స్థాయి సా, అక్కడినుంచి దిగివచ్చి ప్రతి మధ్యమం మీద నిలబడండి. ఒక్కొక్క స్వరాన్ని రెండు సెకన్లకు తక్కువ కాకుండా పట్టుకోండి. కల్యాణి రాగంలో అంత మంగళప్రదంగా వినిపించే ప్రతి మధ్యమమే, పక్కన గాంధారమూ పంచమమూ తోడు లేకుండా షడ్జం ఎదుట ఒంటరిగా నిలబడితే ఒళ్లు ఎలా జలదరిస్తుందో తెలుస్తుంది. పాశ్చాత్యులు ట్రైటోన్ అనే ఈ అంతరం డూమ్ మెటల్‌కు ప్రాణం. మేళకర్తలు డెబ్బై రెండింటిలో సగానికి ప్రతి మధ్యమం ఉన్న సంప్రదాయంలో పెరిగిన మనకు ఆ స్వరం కొత్తది కాదు, అది ఇక్కడ చేసే పని మాత్రమే కొత్తది.

నెమ్మది కూడా మనకు కొత్త కాదు. క్షేత్రయ్య పదాన్ని విళంబ కాలంలో పాడగా విన్నవారికి, ఒక అక్షరానికీ మరో అక్షరానికీ నడుమ ఎంత చోటు ఉంటుందో, ఆ చోటును గమకం ఎలా నింపుతుందో తెలుసు. డూమ్ మెటల్‌లో ఆ చోటును నింపే పని యాంప్లిఫయర్‌ది. మామూలు గిటారు తీగను మీటితే నాదం క్షణాల్లో సన్నగిల్లుతుంది. డిస్టార్షన్ పెట్టినప్పుడు శబ్దతరంగం శిఖరాలు తెగి చదునవుతాయి కాబట్టి, తీగ కంపనం తగ్గుతున్నా చెవికి మాత్రం చాలాసేపు దాదాపు ఒకే బిగ్గరతనంతో గురగురమంటూ వినిపిస్తుంది. ఇంత నెమ్మదిగా వాయించగలగడం ఆ గురగుర వల్లే సాధ్యమవుతోంది. అందువల్ల ఈ సంగీతాన్ని వినేటప్పుడు దెబ్బ పడిన క్షణం కన్నా దెబ్బకూ దెబ్బకూ నడుమ ఏం జరుగుతోందో గమనించాలి. కొత్తవారు చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వారు తర్వాతి దెబ్బ కోసం ఎదురుచూస్తారు, అది ఎంతకీ రాకపోయేసరికి విసుగు చెందుతారు. విళంబ త్రిపుటలో చేత్తో తాళం వేసినట్టు, తొడ మీద మెల్లగా తాళం వేస్తూ, ఖాళీ క్రియల దగ్గర గిటారు నాదం తోకను వినండి. రెండు మూడు పాటలయ్యాక తాళం వేయవలసిన అవసరమే ఉండదు.

ఎప్పుడు, దేని మీద వినాలి

ఫోన్ స్పీకరు మీద వినవద్దు. బాస్ గిటారులోని అడుగు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది నాదాన్ని గోరంత స్పీకరు పలికించలేదు, దాని ఛాయను మాత్రమే వినిపిస్తుంది. క్యాండిల్‌మాస్ పాటలను కట్టినవాడే బాస్ వాద్యకారుడు కాబట్టి, ఆ అడుగు పోతే పాట సగం పోయినట్టే. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, చెవిని పూర్తిగా కప్పే మామూలు హెడ్‌ఫోన్లు చాలు. బాస్ పెంచే మీట ఏదైనా ఆన్ చేసి ఉంటే ఆపేయండి. మన దగ్గర అమ్మే చాలా హెడ్‌ఫోన్లలో బాస్‌ను ముందే అవసరానికి మించి పెంచి ఉంచుతారు. దాని మీద మరికొంత పెంచితే గిటారూ బాసూ కలిసిపోయి పప్పులా అవుతాయి.

పని చేసుకుంటూ, వంట చేస్తూ, బస్సులో నిలబడి వినడానికి పనికివచ్చే సంగీతం కాదిది. రాత్రి భోజనమయ్యాక, గంటసేపు ఎవరూ పిలవని వేళ చూసుకోండి. వర్షాకాలమైతే మరీ మంచిది, అయితే అది నా సొంత పిచ్చి, నియమం కాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. తొలి ఆల్బమ్‌లోని మొదటి పాట 'సాలిట్యూడ్' ఒంటరితనం గురించి, చావును కోరుకునే మనసు గురించి పాడినది. దుఃఖంలో ఉన్నవారికి ఇలాంటి పాట తోడు నిలిచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అభిమానులు ఈ పాటను అంతగా పట్టుకోవడానికి అదే కారణమని నేననుకుంటాను. అయినా, నిజంగా అలాంటి ఆలోచనలే మిమ్మల్ని వేధిస్తున్న రోజున ఈ పాటతో మొదలుపెట్టవద్దు. ఆ రోజు దగ్గరివారితో మాట్లాడండి, లేదా మానసిక సహాయం అందించే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఆల్బమ్ ఎక్కడికీ పోదు.

తొలి ఆల్బమ్‌ను ఆరు రాత్రులు వినడం

'ఎపికస్ డూమికస్ మెటాలికస్'లో ఉన్నవి ఆరు పాటలే, మొత్తం నిడివి ముప్పావు గంటకు కాస్త తక్కువ. ఒక్క రాత్రిలో అంతా వినేయవచ్చు గానీ, కొత్తవారికి నేను చెప్పేది రాత్రికొక పాట, రెండేసి సార్లు. మొదటిసారి ఏమీ చదవకుండా వినండి, రెండోసారి సాహిత్యాన్ని ఎదురుగా పెట్టుకుని వినండి. ఈ బ్యాండులో గొంతు చించుకుని గర్జించే గానం లేదు. పాడిన యోహాన్ లాంగ్‌క్విస్ట్‌ది నిండైన, స్పష్టమైన గొంతు, కాబట్టి ఇంగ్లీషు చదవగలిగినవారికి మాటలన్నీ అందుతాయి. మెటల్ అంటే అరుపులేనని ఇంట్లో పెద్దలు అడ్డుపడితే, వారికి మొదట వినిపించవలసినదీ ఇదే.

మొదటి రాత్రి 'సాలిట్యూడ్'. నిశ్శబ్దంగా మొదలయ్యే గిటారు మీద బరువంతా ఎప్పుడు వచ్చి పడుతుందో గమనించండి. పడిన తర్వాత కూడా వేగం పెరగదు. మామూలు రాక్ పాట అయితే ఆ మలుపులో పరుగందుకుంటుంది, ఇది మాత్రం అదే నడకతో, భుజాన మూట పెరిగిన మనిషిలా సాగుతుంది. తర్వాతి పాట 'డీమన్స్ గేట్' తొమ్మిది నిమిషాలు దాటుతుంది. ఆరింటిలో కొత్తవారికి కొరుకుడుపడనిది అదే, కాబట్టి వరుస తప్పినా ఫరవాలేదు, దాన్ని అయిదో రాత్రికి వాయిదా వేయండి. 'క్రిస్టల్ బాల్', 'బ్లాక్ స్టోన్ వీల్డర్' పాటల్లో మంత్రాలు, రాళ్లు, జోస్యాలు వస్తాయి. చందమామలో మాంత్రికుల కథలు చదివి పెరిగినవారికి ఇదంతా పాత చుట్టరికమే. 'అండర్ ది ఓక్' నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. బ్యాండుకూ ఆ పాట మీద మమకారం తీరలేదనుకుంటాను, 1989లో 'టేల్స్ ఆఫ్ క్రియేషన్' ఆల్బమ్ కోసం వేరే గాయకుడితో దాన్ని మళ్లీ రికార్డు చేశారు. ఆ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి వింటే, ఒకే పాటలో గాయకుడు మారినప్పుడు ఏది మారుతుందో, ఏది మారదో తేటతెల్లమవుతుంది.

ఆరో రాత్రి 'ఎ సార్సరర్స్ ప్లెడ్జ్'. మరణాన్ని జయించాలని చూసే మాంత్రికుడి కథ. ప్రాణాన్ని చిలకలో దాచుకున్న మాయల ఫకీరు కథ విని పెరిగిన మనకు విడమరచి చెప్పనక్కర్లేదు. పాట చివర్లో ఇంతవరకూ ఎక్కడా లేని స్త్రీ గొంతు వస్తుంది. దాని సంగతి మళ్లీ చెబుతాను.

రెండో ఆల్బమ్, రెండో గొంతు

తొలి ఆల్బమ్ విడుదలైనప్పుడు పెద్దగా అమ్ముడుపోలేదు. విడుదల చేసిన ఫ్రాన్స్ సంస్థ బ్లాక్ డ్రాగన్ బ్యాండును వదులుకుంది. పాడిన లాంగ్‌క్విస్ట్ బ్యాండు సభ్యుడే కాదు, రికార్డింగ్ కోసం వచ్చి పాడి వెళ్లినవాడు. అంటే ఇవాళ ఒక సంగీత రీతికి మూలస్తంభంగా చెప్పుకునే ఆల్బమ్ వచ్చిన ఏడాదిలోనే, దాన్ని అమ్మేవాడూ లేడు, వేదిక మీద పాడేవాడూ లేడు. ఇలాంటి స్థితిలో 1987లో మెసయ్య మార్కోలిన్ చేరాడు. స్థూలకాయం, విరబోసిన ఉంగరాల జుట్టు, క్రైస్తవ సన్యాసులు వేసుకునే అంగీ, ఒపేరా గాయకుడిలా స్వరాన్ని వణికించే గొంతు. అదే ఏడాది వచ్చిన 'నైట్‌ఫాల్' ఆల్బమ్‌తో బ్యాండు నిలదొక్కుకుంది.

'నైట్‌ఫాల్' వినడానికి ముందు దాని అట్టను పెద్దది చేసి చూడండి. అమెరికా చిత్రకారుడు థామస్ కోల్ 1842లో చిత్రించిన 'వాయేజ్ ఆఫ్ లైఫ్' వరుసలోని చివరి చిత్రం, వార్ధక్యం, దాని మీద ఉంటుంది. తెడ్డూ చుక్కానీ లేని పడవలో ముసలివాడు, పైన నల్లమబ్బులు, వాటిని చీల్చుకుని దిగే వెలుగు. ఆ ఆల్బమ్ ఎలా ఉంటుందో నేను పది వాక్యాల్లో చెప్పలేనిది ఆ బొమ్మ చెబుతుంది. పాటల నడుమ పోలండ్ స్వరకర్త షోపాన్ రాసిన శవయాత్ర సంగీతాన్ని గిటార్ల మీద వాయించారు. 'కోడెక్స్ గిగాస్' అనే చిన్న వాద్యఖండం పేరు పదమూడో శతాబ్దపు ఒక మహాగ్రంథానిది. సుమారు 75 కిలోల బరువున్న ఆ రాతప్రతి స్టాక్‌హోమ్‌లోని జాతీయ గ్రంథాలయంలోనే ఉంది. లోపల సైతాను బొమ్మ ఉండడం వల్ల దాన్ని సైతాను బైబిలు అని కూడా అంటారు. ఊళ్లో ఉన్న వింతనే పాటకు పేరుగా పెట్టుకున్నారన్నమాట.

ఈ ఆల్బమ్‌లో మొదట వినవలసినవి 'ది వెల్ ఆఫ్ సోల్స్', 'సమారిటన్'. రెండోది అపరిచితుడికి ఆసరా ఇచ్చిన మనిషి కథ. డూమ్ మెటల్ అంటే భూతాలూ శవాలే అనుకునేవారికి దయ గురించిన ఈ పాట ఆశ్చర్యం కలిగిస్తుంది. తర్వాత 'బివిచ్డ్'. దీన్ని వినడంతో ఆగకుండా వీడియో కూడా చూడండి, ఎందుకంటే ఈ బ్యాండుకూ అభిమానులకూ ఉన్న సంబంధం అందులో కళ్లకు కడుతుంది. శవపేటికలోంచి లేచిన మార్కోలిన్ అంగీ ఊపుకుంటూ వీధుల్లో నడుస్తుంటే, పొడవాటి జుట్టు కుర్రాళ్లు ఒక్కొక్కరే వచ్చి అతని వెనక చేరి, అతనిలాగే ఊగుతూ నడుస్తారు. ఆ గుంపులోనివారు నిజంగానే అప్పటి స్టాక్‌హోమ్ మెటల్ కుర్రకారు. తర్వాతి రోజుల్లో నార్వే బ్యాండు మేహెమ్‌లో డెడ్ అనే పేరుతో పాడిన కుర్రాడు కూడా వారిలో కనిపిస్తాడు. ఇవాళ చూస్తే వీడియో హాస్యంగానే ఉంటుంది, నవ్వు వస్తే ఆపుకోనక్కర్లేదు. అభిమానులూ నవ్వుతారు, నవ్వుతూనే ఆ నడక నడుస్తారు. మోకాళ్లు వంచి, భుజాలు ఊపుతూ మార్కోలిన్ వేదిక మీద వేసే ఆ అడుగులకు డూమ్ డ్యాన్స్ అనే పేరు వచ్చింది.

అభిమానుల మాటల్లోకి వెళ్లే ముందు

క్యాండిల్‌మాస్ అభిమానులతో మాట్లాడబోయే ముందు తెలుసుకోవలసిన ముఖ్య విషయం గాయకుల చరిత్ర. అది తెలియకుండా నోరు విప్పితే, ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల నడుమ ఇరుక్కున్నట్టే ఉంటుంది. మార్కోలిన్ 1991లో వెళ్లిపోయాడు. 1992 ఆల్బమ్‌ను థోమాస్ వీక్‌స్ట్రోమ్ పాడాడు. తర్వాత బ్యాండు ఆగింది, మళ్లీ మొదలైంది. 2002లో పాత సభ్యులంతా కలిశారు, 2005లో ఆల్బమ్ తెచ్చారు, 2006లో మార్కోలిన్ మళ్లీ వెళ్లిపోయాడు. టెక్సస్ బ్యాండు సాలిట్యూడ్ ఎటర్నస్‌లో పాడుతున్న రాబర్ట్ లో అనే గాయకుడు వచ్చి మూడు ఆల్బమ్‌లు పాడాడు. 2012లో వచ్చిన 'సామ్స్ ఫర్ ది డెడ్' తమ చివరి ఆల్బమ్ అని బ్యాండు ప్రకటించింది. ఆ తర్వాత మాట్స్ లెవెన్ పాడాడు. 2018లో, రికార్డింగ్‌కు వచ్చి వెళ్లిపోయిన లాంగ్‌క్విస్ట్, ముప్పై రెండేళ్ల తర్వాత, అసలు గాయకుడిగా తిరిగి వచ్చాడు. చివరిదన్న ఆల్బమ్ చివరిది కాలేదు. లాంగ్‌క్విస్ట్ పాడగా 2019లో 'ది డోర్ టు డూమ్', 2022లో 'స్వీట్ ఈవిల్ సన్' వచ్చాయి.

ఈ వరుసలో ఎవరు గొప్ప అన్న వాదనలోకి దిగకండి. అడిగితే ఇష్టమైన ఒక పాట చెప్పండి, గాయకుడి పేరు చెప్పకండి. నా మటుకు నాకు ఈ వాదన కన్నా, ఇన్నిసార్లు గాయకుడు మారినా జనం ఎలా నిలిచారన్నదే ఆసక్తికరం. పాటలు నెమ్మదిగా, పెద్ద పెద్ద రాగాలాపనలతో ఉండడం వల్ల వాటిని గుంపుగా పాడుకోవచ్చు. వేగంగా సాగే త్రాష్ మెటల్ పాటను వెయ్యిమంది కలిసి పాడడం కష్టం, 'సాలిట్యూడ్' పాడడం తేలిక. మన ఊళ్లలో భజన మేళం పాటలు ఎవరు ఎత్తుకున్నా సాగినట్టే, ఈ పాటలు కూడా గాయకుడి సొత్తుగా మిగలకుండా జనం నోట్లోకి వెళ్లిపోయాయి. 2011లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో జరిగే రోడ్‌బర్న్ ఉత్సవంలో, అప్పటికింకా అతిథిగానే వచ్చిన లాంగ్‌క్విస్ట్‌తో తొలి ఆల్బమ్ మొత్తాన్ని వేదిక మీద వాయించారు. విడుదలైనప్పుడు కొనేవారు కరువైన ఆల్బమ్ ఇరవై అయిదేళ్ల తర్వాత మొదటి నుంచి చివరి దాకా వినడానికి జనం దేశాలు దాటి వచ్చే సరుకైంది. ఆ కచేరీ రికార్డుగా కూడా దొరుకుతుంది. స్టూడియో ఆల్బమ్‌ను పది సార్లు విన్న తర్వాతే దాన్ని వినండి.

అభిమానం రెండు వైపులా నడిచిందనడానికి ఇంకో సంగతి. 'ది డోర్ టు డూమ్'లోని 'అస్టరోలస్' పాటలో గిటారు సోలో వాయించినది టోనీ అయోమీ. బ్లాక్ సబాత్ వింటూ పెరిగిన ఎడ్లింగ్ కట్టిన పాటలో ఆ సబాత్ గిటారిస్టే వచ్చి వాయించాడు. ఆ పాట 2020 గ్రామీ పురస్కారాలకు నామినేట్ అయింది. పురస్కారం రాలేదు, అభిమానులు దాన్ని పట్టించుకున్నట్టూ లేదు.

కచేరీకి వెళ్తే

కచేరీకి వెళ్లేవారు ఇయర్‌ప్లగ్‌లు తప్పక పెట్టుకోవాలి. ఇది భయస్తుల పని కాదు, పాత అభిమానులు అందరికన్నా ముందు చేసే పని. కింది నాదాన్ని ఛాతీ, పాదాలు వింటాయి, కాబట్టి చెవులు కొంత మూసినా నష్టం లేదు. ముందు వరుసలో కన్నా, సౌండ్ బల్ల ఉన్నచోటికి కాస్త ముందుగా నిలబడితే అన్ని వాద్యాలూ సమంగా వినిపిస్తాయి.

ఇతర మెటల్ కచేరీల్లోలాగా ఒకరినొకరు తోసుకునే అలవాటు ఇక్కడ తక్కువ. తల ఊపడం కూడా వేరు: మెడతో కాకుండా నడుము నుంచి, తాళానికి ఒక్కసారి, పొలంలో నాటువేసేవారు వంగి లేచినంత నిదానంగా. పాటలో నిశ్శబ్దం వచ్చినప్పుడు పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి. చుట్టుపక్కలవారు తిట్టరు గానీ, తిరిగి చూస్తారు. నేను ఒకసారి కొట్టాను, ఆ చూపులు ఇంకా గుర్తున్నాయి.

క్యాండిల్‌మాస్ మన దగ్గరికి వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోకండి. బెంగళూరులో బెవార్ సీ అనే బ్యాండు ఈ తోవలోనే వాయిస్తుంది. వారి తొలి ఆల్బమ్ 2012లో వచ్చింది. పేరు చూసి సముద్రానికి సంబంధించిన ఇంగ్లీషు మాట అనుకునేరు, అది కన్నడ తిట్టు. మన బేవార్సుకు తోబుట్టువు. ఇలాంటి బ్యాండ్ల కచేరీలు చిన్న హాళ్లలో, కొద్దిమంది నడుమ జరుగుతాయి. వాయించినవారే తర్వాత బల్ల దగ్గర నిలబడి టీషర్టులు అమ్ముతారు. అప్పుడు పొగడ్తలతో ముంచెత్తడం కన్నా, ఫలానా పాటలో ఫలానా చోట వేగం ఎందుకు తగ్గించారని అడగండి, అరగంట వదలరు. టీషర్టు వేసుకున్న కొత్త కుర్రాణ్ణి ఆపి మూడు పాటల పేర్లు చెప్పమని నిలదీసే దుర్గుణం మాత్రం పెద్దల దగ్గర నేర్చుకోకండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి

స్ట్రీమింగ్‌లో వింటే బ్యాండుకు చేరేది చాలా తక్కువ. బ్యాండ్లు తమ పాటలు అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే ఆ సంస్థ సాధారణంగా 15 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుము పోను మిగిలినది బ్యాండుకో దాని రికార్డు సంస్థకో వెళ్తుంది. కాబట్టి నచ్చిన ఒక్క ఆల్బమైనా కొనండి. ఎల్‌పీ తెప్పించుకోవాలనుకుంటే, డబ్బు కట్టే ముందు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క చూసుకోండి, కొన్నిసార్లు అవే రికార్డు ధరను దాటిపోతాయి. విక్రేతకు ముందే రాసి, రికార్డును అట్ట లోపల కాకుండా బయట, రెండు గట్టి అట్టముక్కల నడుమ పెట్టి పంపమని కోరండి. నేను తెప్పించుకున్న మొదటి ఎల్‌పీ దారిలో కుదుపులకు లోపలి కవరును చీల్చుకుని బయటి అట్ట అంచును కూడా కోసేసింది. పైగా ఎండలో ఎక్కడ పడి ఉందో, అంచు గిన్నెలా లేచింది. దాన్ని గోడకు తగిలించుకున్నాను.

ఈ రెండు ఆల్బమ్‌లూ ఒంటబట్టాక ఎటు వెళ్లాలన్నది మీకు నచ్చినదాన్ని బట్టి ఉంటుంది. గొంతు నచ్చితే సాలిట్యూడ్ ఎటర్నస్, చికాగో బ్యాండు ట్రబుల్ వినండి. మట్టి వాసన కావాలంటే లాస్ ఏంజెలెస్ బ్యాండు సెయింట్ వైటస్. దుఃఖం ఇంకా చిక్కగా కావాలంటే ఉత్తర ఇంగ్లండ్ నుంచి వచ్చిన మై డైయింగ్ బ్రైడ్. వయొలిన్ ఉంటుంది, గర్జన కూడా ఉంటుంది. నెమ్మదికి హద్దు ఎక్కడుందో చూడాలనిపిస్తే సియాటిల్ బ్యాండు బెల్ విచ్ 2017లో తెచ్చిన 'మిర్రర్ రీపర్'. ఇద్దరే మనుషులు, గిటారు లేదు, బాసూ డ్రమ్సూ ప్రధానం. ఆల్బమ్ అంతా 83 నిమిషాల ఒకే పాట. అంతకు ముందు ఏడాది చనిపోయిన తమ పాత డ్రమ్మరు పాడగా మిగిలిపోయిన గొంతును అందులో ఒకచోట చేర్చారు. దాన్ని వినడానికి ఏడాది ఆగినా తప్పులేదు.

ఇక ఆరో రాత్రి సంగతి. 'ఎ సార్సరర్స్ ప్లెడ్జ్' చివర్లో గిటార్లు తగ్గిపోయి, మాటలు లేని ఆ స్త్రీ గొంతు మిగిలి, అది కూడా మెల్లగా దూరమవుతుంది. స్ట్రీమింగ్ యాప్‌లో వింటున్నవారికి సరిగ్గా అక్కడ, గొంతు పూర్తిగా ఆరకముందే, ఎవరిదో సంబంధం లేని పాట దబ్బున వచ్చి పడుతుంది. అందువల్ల ఆ రాత్రి వినడం మొదలుపెట్టే ముందే సెట్టింగుల్లోకి వెళ్లి ఆటోప్లే ఆపేయండి. పాట ముగిశాక హెడ్‌ఫోన్లు తీయకుండా, ఫ్యాను చప్పుడు మళ్లీ వినిపించేదాకా కూర్చోండి.